నీలం పొలం గీసిన మాస్టారు

మాస్టారు పోయారని నాకు ఫోన్ చేసి చెప్పింది లైట్లు పెట్టే యాదగిరన్న. పొద్దున ఎనిమిదిన్నర. ఫిల్మ్ నగర్‌లో పోలీస్ స్టేషన్ సెట్ గోడకి తేమ మరకలు వేస్తున్నాను.

"అక్కా, మాస్టారు పోయిండు," అన్నాడు.

"ఎవరితోని కొట్లాడిండు?" అన్నాను నేను.

తప్పు నాది కాదు. మా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో "మాస్టారు పోయారు" అంటే ఒకటే అర్థం. ఏదో సెట్‌లో ఎవరిమీదో అలిగి, బ్రష్షులు సంచిలో వేసుకుని, ఆటో ఎక్కి శ్రీనగర్ కాలనీలోని ఇంటికి వెళ్లిపోయారని. సాయంత్రం మేనేజరు పెసరట్టు పొట్లంతో వెళ్లి బతిమాలేవాడు. పొట్లం తీసుకుని తలుపు వేసేసేవారు. మర్నాడు అందరికంటే ముందు సెట్‌లో ఉండేవారు.

యాదగిరన్న గొంతు తగ్గించాడు. "గట్ల కాదక్కా. నిజంగనే పోయిండు. నిద్రలనే," అన్నాడు.

నా చేతిలో తడి స్పాంజి ఉన్న సంగతి మరిచిపోయి గోడకి ఆనుకున్నాను. అక్కర్లేని చోట పెద్ద మరక పడింది. దర్శకుడు అటుగా వచ్చి, "ఇదొక్కటే చాలా సహజంగా ఉందండీ, మిగతావి కూడా ఇలాగే వెయ్యండి," అన్నాడు. ఏడుస్తూ ఇంకో పది మరకలు వేసి, అప్పుడు బయల్దేరాను.

మా మాస్టారు మీకు తెలిసి ఉండరు. సినిమాల్లో వెనక కనిపించే కొండలూ ఆకాశాలూ గుడ్డమీద గీసే పని ఆయనది. తెనాలిలో పుట్టి, మద్రాసులో పని నేర్చి, సినిమా వాళ్లతో పాటు హైదరాబాద్ వచ్చారు. మంచుకొండల ముందు హీరో హీరోయిన్లు వణుకుతూ పాడిన పాట మీకు నచ్చి ఉంటే, ఆ మంచు ఫిల్మ్ నగర్‌లో మే నెలలో బనీనుతో నిలబడి మాస్టారు వేసిన సున్నం అయి ఉండొచ్చు.

నేను బోరబండ వడ్రంగి కూతురిని. బొమ్మల కోర్సు పూర్తిచేసి ఆయన దగ్గర చేరిన మొదటి రోజు నా ఫైలు చూపించబోతే మూసేశారు.

"బొమ్మలు తర్వాత చూద్దాం గానీ, అమ్మాయ్, జూబ్లీహిల్స్ వెళ్లి పది గోడలు తడిమి రా. ఏ గోడ చేతికి ఎలా తగిలిందో వచ్చి నాకు చెప్పు."

వెళ్లాను. మూడో గోడ దగ్గరే వాచ్‌మన్ పట్టుకున్నాడు.

"ఏందమ్మా, గోడను గట్ల నిమురుతున్నవ్?"

"మా మాస్టారు నిమిరి రమ్మన్నడు."

అతను నన్నూ గోడనూ మార్చి మార్చి చూశాడు. "మరి ఏమన్నదే గోడ?"

తిరిగొచ్చి ఈ సంగతి చెబితే మాస్టారు నవ్వలేదు. "మంచి ప్రశ్నే అడిగాడుగా. ఏమంది?" అన్నారు. అదే నా మొదటి పాఠం. ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుండేది: "రంగు కంటిది, గరుకు వేలిది. రెంటికీ తగువొస్తే నువ్వు వేలి పక్కన నిలబడు." రంగులకు కంపెనీ వాళ్లిచ్చే నంబర్లు ఆయన నోట వినలేదు. "ముదిరిన బెండకాయ", "రెండో రోజు గోరింటాకు", "అలిగిన మామిడిపిందె" అనేవారు. అలిగిన మామిడిపిందె ఏ రంగో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే ఆయనే అలిగేవారు.

గుడ్డ తెరల కాలం పోయి ఆకుపచ్చ తెరల కాలం వచ్చింది. వెనకాల కొండలన్నీ కంప్యూటర్లోనే పుడుతున్నాయి. ఒకసారి మాస్టారిని చాలా రోజుల తర్వాత పిలిచారు. గోడంతా ఒట్టి ఆకుపచ్చ రంగు వెయ్యమన్నారు, అంతే. ఆయన నోరెత్తకుండా రెండు రోజులు వేశారు. మూడో రోజు కంప్యూటర్ కుర్రాళ్లు లబోదిబోమన్నారు. గోడ నిండా గరిక ఉంది! సన్నసన్నటి పోచలు, గాలికి ఒక పక్కకి వాలినవి.

"సార్, ఫ్లాట్ గ్రీన్ కావాలి సార్. ఇలా ఉంటే సాఫ్ట్‌వేర్ కన్‌ఫ్యూజ్ అవుతుంది."

"ఫ్లాట్‌గా ఉండే పచ్చదనం నేనెక్కడా చూళ్లేదు నాయనా. నువ్వు చూశావా?"

ఆ రోజు కూడా మాస్టారు పోయారు. మేనేజరు రెండు పెసరట్లు పట్టుకెళ్లాల్సి వచ్చింది.

ఆ తర్వాత పని బాగా తగ్గింది. ఆ రోజుల్లోనే జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి భార్య, కొత్త ఇంటి హాల్లోకి పెద్ద బొమ్మ కావాలని మాస్టారిని అడిగారు. ఆవిడది గోదావరి లంకల వైపు. "పచ్చటి పొలం, ఏరు, పడవ, పైన తెల్లారుతున్న ఆకాశం. ఎక్కువేం వద్దు మాస్టారూ, చూడగానే ప్రాణం లేచి రావాలి, అంతే," అన్నారు.

ఎనిమిదడుగుల కాన్వాసు. మాస్టారి ఇంటి మేడమీద గదిలో మొదటి వారం నేనూ సాయం చేశాను. ఆకాశానికి కొబ్బరి పీచు, నేలకి సన్న ఇసుక, ఏటిగట్టుకి వాడేసి ఆరబెట్టిన టీ పొడి, అన్నీ జిగురులో కలిపి పరుస్తున్నారు. బ్రష్షు తక్కువ, వేళ్లు ఎక్కువ. రంగు మొదలుపెట్టేలోపు నేను అవుట్‌డోర్ షూటింగ్‌కి వెళ్లిపోయాను. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఆ గదిలోకి తొంగి చూసేవారు కారు. "ఆయన బొమ్మల్లో నేను వేలు పెట్టనమ్మా, పెడితే అంటుకుంటుంది," అనేవారు.

అందుకని ఆ బొమ్మని మొత్తంగా నేనూ అందరితో పాటే, గృహప్రవేశం రోజున చూశాను. నిర్మాతగారు తెర లాగారు. హాల్లో మాటలు ఆగిపోయాయి.

పొలం నీలంగా ఉంది. లేతా ముదురూ కలిసిన నెమలి మెడలాంటి నీలం. ఆకాశం నేరేడు పండులా కమిలి ఉంది. ఏరు ఊదా రంగులో చిక్కగా, ఉడుకుతున్నట్టు ఉంది. పడవ మాత్రం ఏట్లో లేదు. ఆకాశంలో, కొబ్బరి పీచు మబ్బుల మధ్య, హాయిగా పోతోంది.

నిర్మాతగారి భార్య ముఖం చూశాను. ప్రాణం లేచి రాలేదు, ఉన్నదీ పోతున్నట్టుంది. "మాస్టారూ..." అని ఆవిడ ఏదో అనబోతుండగా వెనకనుంచి ఒక కేక వినపడింది.

"ఓ మై గాడ్! దిస్ ఈజ్ ప్యూర్ సర్రియలిజం!"

అన్నది ఆ దగ్గర్లోనే ఒక గ్యాలరీ నడిపే పెద్దమనిషి. జుట్టు పిలక కట్టుకున్నారు. బొమ్మకి జానెడు దూరంలో నిలబడి, "ఆ టెక్స్చర్ చూడండి, ఆ కలర్ చూడండి. ఈ పడవ మనిషి అంతరాత్మ అండీ. నీళ్లు వద్దనుకుంది," అని అరగంట చెప్పారు. వింటున్నకొద్దీ నిర్మాతగారి భార్య తల నెమ్మదిగా పైకి లేచింది.

మాస్టారు నా చెవిలో అడిగారు. "అదేంటమ్మాయ్, కొత్త రోగమా?"

"మంచిదే మాస్టారూ. కలల కనవడ్డట్టు గీస్తే గట్లంటరు."

"నేను పగలే గీశానే!"

ఇంతలో గ్యాలరీ ఆయన ఇటు తిరిగారు. "సార్, పొలాన్ని బ్లూ చెయ్యాలన్న థాట్ మీకెలా వచ్చింది?"

"బ్లూ ఏంటండీ? చక్కగా పచ్చగా ఉంటేనూ!"

హాలంతా ఫక్కున నవ్వి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆ చప్పట్లకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆయన కళ్లు నా పక్కనే ఉన్నాయి, ఒక్కసారి తిరిగి చూసినా తెలిసేది.

రెండు నెలల్లో ఎగ్జిబిషన్ పెడదామని, ఇలాంటివే ఇంకో పది గీసిమ్మని గ్యాలరీ ఆయన కోరారు. మాస్టారు ఉత్సాహంగా మొదలుపెట్టారు. షూటింగ్ లేనప్పుడల్లా నేనూ వెళ్లేదాన్ని. ఒకరోజు, "ఆ ఆకుపచ్చ ఇలా ఇవ్వమ్మా," అన్నారు. ఆకుపచ్చ ట్యూబు ఆయన చేతిలోనే ఉంది. నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను, ఆయనకి ఆ అలవాటు ఉంది.

ఆ మర్నాడే ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసుకి కలిసి వెళ్లాం. గుమ్మంలో హీరోది నిలువెత్తు అట్టబొమ్మ పెట్టి ఉంది. మాస్టారు దాని ముందు ఆగారు.

"కొంచెం జరుగు బాబూ," అన్నారు. కాసేపాగి, "బాబూ, నిన్నే," అన్నారు. మూడోసారి గొంతు పెంచారు. "పెద్దవాణ్ణి, ఎండలో నిలబెడతావా? ఏ ఊరు నాయనా మీది?"

నాకు నవ్వు వచ్చింది. అది గొంతులోకి వచ్చేలోపే ఆగిపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని పక్కనుంచి లోపలికి తీసుకెళ్లాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "మాస్టారూ, ఎన్నొద్దుల సంది కనవడ్తలేదు?"

కనిపించని రోడ్డు వైపు ముఖం తిప్పుకున్నారు. "నాలుగేళ్లు. అంతా టీ వడకట్టే గుడ్డలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. పేర్లు చదవలేను గనక ట్యూబులు వరస ప్రకారం పెట్టుకుంటాను. మొన్న ఆ గది ఊడ్చినావిడ వరస మార్చింది కాబోలు. పచ్చగా కనిపించేదాకా వేస్తూ పోతాను. మిగతాదంతా వేళ్లతోనే."

"ఎవ్వరికీ చెప్పకపోతిరి?"

"పెయింటర్‌కి కళ్లు పోయాయన్న మాట ఒక ఆటోలో ఎక్కిందంటే, నేను రెండో ఆటోలో దిగేలోపు ఊరంతా తెలుస్తుందమ్మా. ఇక పెసరట్టు పట్టుకుని ఎవరొస్తారు?"

ఆటో డ్రైవర్ అద్దంలోంచి చూసి, "నేనెవ్వరికి చెప్ప తాతా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

కళ్ల డాక్టరు చూసి నోరు తెరిచారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి గోధుమ రంగుకి తిరిగాయట. నీలం రంగు లోపలికే పోవడం లేదట. అందుకే ఆయన పచ్చగా కనిపించేదాకా నీలం కుమ్మరించారు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు. అయితే ఇంత ముదిరాక మామూలు కంటే ప్రమాదం ఎక్కువ, ఏదైనా జరగొచ్చు, ఆలోచించుకోమన్నారు.

ఈ సంగతి తెలిసి గ్యాలరీ ఆయన పరుగున వచ్చారు. తలుపు దగ్గరే అన్నారు, "సార్, హెల్త్ ఈజ్ ఇంపార్టెంట్. కానీ ఎగ్జిబిషన్ తర్వాత చేయించుకుంటే బెటర్ కదా? ఆ విజన్ మళ్లీ రాదండీ."

అమ్మగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చారు. "ఏ విజనండీ? నిన్న ఈయన పెరుగనుకుని అన్నంలో ఇడ్లీ పిండి పోసుకున్నారు. మీరూ తింటారా?"

మాస్టారు ఇద్దర్నీ ఆపారు. నిజానికి ఆయన భయపడుతున్నారు. ఆపరేషన్ చెడితే ఉన్న గుడ్డిచూపూ పోతుంది. బాగైతే, జీవితంలో మొదటిసారి వచ్చిన పేరు పోతుంది. రెండు రోజులు ఆలోచించి నాతో అన్నారు, "చూడకుండా వచ్చిన పేరు నాకెందుకమ్మాయ్? అది ఇంకెవడిదో అనిపిస్తోంది. పద."

ముందు ఒక కన్ను చేశారు. బాగైంది. రెండోది చేసేదాకా ఉన్న మూడు వారాలు ఆయన చిన్నపిల్లాడైపోయారు. పెసరట్టు ముందు పెట్టుకుని ఒక కన్ను మూసేవారు, తెరిచేవారు. "ఇటు చూస్తే పెసరట్టు. అటు చూస్తే పెంకుముక్క. నాలుగేళ్లు పెంకులు తిన్నానే!" తెల్లదనుకుని రోజూ వేసుకునే తన చొక్కా చూసుకుని ఉలిక్కిపడ్డారు. దానిమీద లేని రంగు లేదు.

"ఇదెప్పట్నుంచి ఇలా ఉంది?"

"మూడు నాలుగేండ్ల సంది మాస్టారూ."

"చెప్పొద్దా అమ్మాయ్?"

"డిజైన్ అనుకున్నం."

రెండో కన్ను కూడా బాగయ్యాక మాస్టారు మొదట అడిగింది నీలం పొలం గురించే. జూబ్లీహిల్స్ వెళ్లాం. హాల్లో బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆ వీపు చూస్తుంటే నాకు భయమేసింది.

"ఎవడు చేశాడమ్మా ఇది?" అన్నారు చివరికి.

"మీరే మాస్టారూ."

"పడవ పైకెందుకు పోయింది?"

"మీరే పెట్టిన్రు."

"ఏరు అక్కడుందనుకున్నాను." నిర్మాతగారి భార్యకి రెండు చేతులూ జోడించారు. "తల్లీ, మీరు పచ్చటి పొలం అడిగారు. నేను గుడ్డివాణ్ణని దాచి మీకిది అంటగట్టాను. ఒక్క వారం ఇవ్వండి, సరిచేసి ఇస్తాను."

ఆవిడ బొమ్మ దగ్గరికి వెళ్లి ఏటిగట్టు మీద అరచెయ్యి పెట్టారు. అక్కడ టీ పొడి అంతా అరిగి నున్నగా మెరుస్తోంది.

"మొదటిరోజు తిప్పి పంపేద్దామనే అనుకున్నానండీ. సర్రియలిజమో ఏదో అన్నారని సిగ్గుపడి ఉంచాను. ఒకరోజు దుమ్ము దులుపుతుంటే చెయ్యి తగిలింది. వరద తీశాక మా లంకలో ఒండ్రు ఎండి పెచ్చులు కట్టేది. చిన్నప్పుడు దానిమీద నడిచేవాళ్లం. అదే ఇది. రంగు మీరన్నట్టు తప్పే అవ్వచ్చు. కళ్లు మూసుకుంటే మాత్రం ఇది మా నేలే. నేను ఇవ్వను."

మాస్టారు దగ్గరికి వెళ్లి తనూ చెయ్యి వేశారు. కళ్లు మూసుకున్నారు. కాసేపటికి, "వేళ్లు అబద్ధమాడలేదన్నమాట," అన్నారు. పోనీ పడవనైనా కిందికి దించుతారా అని ఆవిడ అడిగితే, "ఇప్పుడెందుకులెండి. దించితే లోపలున్నవాళ్లు తడుస్తారు," అని నవ్వేశారు.

ఎగ్జిబిషన్ నాడు, ఆవిడని ఒప్పించి ఒక్కరోజుకి తెచ్చిన ఆ బొమ్మతో పాటు, చూపు రాకముందు గీసిన మిగిలినవీ పెట్టారు. గ్యాలరీ ఆయన, శుక్లం సంగతి ఎత్తొద్దని మాస్టారిని వందసార్లు బతిమాలారు. మాస్టారు సరే అని తలూపి, మైకు అందగానే, "అందరికీ నమస్కారమండీ. ఇది సర్రియలిజం కాదండీ, శుక్లం," అన్నారు.

కొందరు నవ్వారు. ఇదీ ఏదో లోతైన మాట అనుకుని రాసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆయన వదలకుండా డాక్టరు చెప్పినదంతా విడమరిచి చెప్పారు. నవ్వులు ఆగిపోయాయి. గ్యాలరీ ఆయన పిలక విప్పుకుని మళ్లీ కట్టుకున్నారు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. మాస్టారు మైకుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. ఒప్పుకోవడానికి వచ్చిన ధైర్యం ఒప్పుకున్నాక నిలబడటానికి చాలడం లేదని నాకు తెలుస్తోంది.

అప్పుడు ముందు వరసలో చక్రాల కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ గట్టిగా అంది. "గిందుల తప్పేమున్నదయ్యా? పొలం పచ్చగనే ఉన్నది. నీళ్లు నీళ్ల లెక్కనే ఉన్నయ్. మంచిగున్నది గదా!"

పక్కనున్న కోడలు గాభరాపడింది. "అత్తమ్మా, అది పచ్చగ లేదు. బ్లూ ఉన్నది."

"నీకే సరిగ కనవడ్తలేదు. కళ్లు చూపించుకో పో."

మాస్టారు మైకు కింద పెట్టి, మెట్లు దిగి, ఆవిడ కుర్చీ దగ్గర గొంతుకూర్చున్నారు. "అమ్మా, నేను గీసింది గీసినట్టు చూసింది మీరొక్కరేనండీ," అన్నారు. ఆవిడ ఆయన తల నిమిరి, "ఆ పడవ ఒక్కటి జర కిందికి పెట్టు బిడ్డా," అంది. మా మాస్టారికి అప్పటికి డెబ్బై దాటాయి. ఆ మాటకి ఆయన నవ్విన నవ్వు నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. మర్నాడు ఆ కోడలు ఫోన్ చేస్తే, డాక్టరు దగ్గరికి వాళ్లని తీసుకెళ్లింది నేనే.

చూపు వచ్చాక ఆయన గీసినవి నీటుగా, సరైన రంగుల్లో వచ్చాయి. ఆయనకే నచ్చలేదు. "కళ్లొచ్చాయి, క్యాలెండర్ బొమ్మలొచ్చాయి," అని గొణిగేవారు. కళ్లకి గుడ్డ కట్టుకుని గరుకు పరవడం, విప్పి రంగు వెయ్యడం అలవాటు చేసుకున్నారు. అలా రెండేళ్లు గీశారు. వాటిని ఎవరు ఏ పేరుతో పిలిచినా పట్టించుకోలేదు. నన్ను మాత్రం సెట్ మొత్తం చూసుకునే పనికి తోసేశారు. "నీ వేళ్లకి నా అవసరం తీరిందమ్మాయ్," అన్నారు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నా దగ్గర లేదు.

ఆయన పోయిన పదకొండో రోజు శ్రీనగర్ కాలనీ వెళ్లాను. అమ్మగారు మేడమీద ఉన్నారు. ఆయన బ్రష్షులన్నీ కడిగి, బట్టలారేసే తీగకి క్లిప్పులతో తలకిందులుగా తగిలించారు. చీరల పక్కన ముప్పయి నలభై బ్రష్షులు గాలికి ఊగుతున్నాయి.

"పొద్దుట్నుంచి కడుగుతూనే ఉన్నానమ్మా. నాలుగు బకెట్లయ్యాయి. రంగు పోదేం?" అన్నారు.

ఇద్దరం అక్కడే నిలబడ్డాం. ఒక్కో కుంచె చివర ఒక్కో చుక్క ఊరి, బరువెక్కి, ఎండలో ఒక్క క్షణం ఆగి, తెల్లటి డాబా నేలమీద నీలంగా పడుతోంది.